ఓబుళరెడ్డి కారుకు పరీక్ష లేదు

ప్రొద్దుటూరులో నెలకొకసారి బ్రేకు ఇన్‌స్పెక్టరు దిగే రోజున బస్సులన్నీ పెళ్లికొడుకుల్లా తయారై వచ్చేవి. ముసాఫరు బంగళా ఎదుట వేపచెట్ల కింద బారుగా నిలబడేవి. కడిగిన ఒళ్లు, పూసిన రంగు, ముందు కట్టిన నిమ్మకాయలు. టైర్లు మాత్రం చాలావాటికి సొంతం కావు. ఊళ్లో మంచి టైర్లు నాలుగుండేవి. పొద్దున ఒక బస్సుకు తొడిగి, అది గట్టెక్కగానే విప్పి, మధ్యాహ్నానికి ఇంకో బస్సుకు తొడిగేవాళ్లు. అన్ని తిప్పలు పడినా ఇన్‌స్పెక్టరు ఎక్కి బ్రేకు తొక్కేసరికి డ్రైవర్ల ప్రాణం అరచేతిలోకి వచ్చేది. ఎరువు తెచ్చుకోవడానికి బ్రేకులు టైర్లు కావు కదా.

ఎనిమిదేళ్లు బస్సు తోలినన్నాళ్లూ ఆ పరీక్ష రోజును తిట్టుకోని సంవత్సరం లేదు ఖలందర్‌కు. ఆ తర్వాత కారు డ్రైవరయ్యాడు. అప్పుడు తెలిసింది, తిట్టుకోవడానికి ఒక పరీక్ష ఉండడం కూడా అదృష్టమేనని.

ఆ కారు ఓబుళరెడ్డిది. తొండూరుకు మూడు మైళ్ల దూరాన ఉన్న పల్లె ఆయనది. రైల్వేలో పనిచేసిన ఒక తెల్లదొర దేశం విడిచి పోతూ పోతూ అమ్మితే కొన్నాడు. నల్లటి కారు, రెండు పక్కలా కాలు పెట్టే పలకలు, ముందు హ్యాండిలు పెట్టి నాలుగు చుట్లు తిప్పితేగాని లేవని ఇంజను. బస్సులకు, లారీలకు, కిరాయి బళ్లకు ఏడాదికోసారి పరీక్ష చేయించి ఎఫ్‌.సి. అనే యోగ్యతా పత్రం తీసుకోవాలని చట్టం. సొంత కార్లకు ఆ పీడ లేదు. కొన్నవాడు నడిపినన్నాళ్లూ నడుపుకోవచ్చు. పులివెందుల తాలూకాలో సొంత కారున్న నలుగురైదుగురిలో ఒకడైన ఓబుళరెడ్డికి కారుకన్నా ఈ మినహాయింపు అంటేనే గర్వం ఎక్కువ.

"నా బండిని పరీక్ష చేసే మొగోడు ఇంగా పుట్టలేదప్పా. గవర్నమెంటే చూడొద్దనింది" అనేవాడు రచ్చబండ మీద, మీసం మీద చెయ్యి వేసుకుని.

ఆయన చెడ్డవాడైతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఖలందర్ ఎప్పుడో మానేసి ఇంకో చోట చేరేవాడు. ఓబుళరెడ్డి చెల్లెలు తొలికాన్పుకు ఎద్దులబండిలో ఆసుపత్రికి పోతూ ముద్దనూరు చేరకముందే కన్నుమూసింది. అందుకని ఆయన కారు కొన్న రోజే ఒక మాట అనేశాడు. ఊళ్లో ఏ కులం ఆడమనిషైనా సరే, మంత్రసాని మునెమ్మ చేతులెత్తేస్తే కారు పంపిస్తాడు. పెట్రోలు ఆయనదే. ఒక్క పైసా పుచ్చుకోడు. ముద్దనూరు మీదుగా కనుమ దిగి జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి చేర్చడం ఖలందర్ పని. ఎనిమిదేళ్లలో పదకొండు మందిని చేర్చాడు. పదకొండు మందీ బిడ్డలతో తిరిగొచ్చారు.

ఆ పదకొండు అని లెక్క ఎలా తెలిసిందంటే, తువ్వాళ్లను బట్టి. మొదటిసారి గొర్రెలు మేపే ఆదెన్న పెండ్లాన్ని తీసుకుపోయినప్పుడు, తల్లీబిడ్డ ఇల్లు చేరిన రోజున ఆదెన్న కొత్త తువ్వాలొకటి తెచ్చి ఖలందర్ భుజాన వేశాడు. ఆ తర్వాత అది ఊరి ఆచారమైపోయింది. ఖలందర్ వాటిని వాడేవాడు కాదు. అతని భార్య బిస్మిల్లా బీ మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచేది. ఏది ఏ బిడ్డ తువ్వాలో ఆమెకు అంచు చూస్తే తెలుసు.

కారు బ్రేకులు పోయి రెండేళ్లయింది. పోవడమంటే ఒక్కసారిగా పోలేదు. మొదట గట్టిగా తొక్కితే పట్టేది, తర్వాత రెండుసార్లు తొక్కితే పట్టేది, చివరికి దేవుడి దయ ఉంటే పట్టేది. ప్రొద్దుటూరు మెకానిక్ హుమాయున్ చక్రాలు విప్పి చూసి పెదవి విరిచాడు.

"డ్రమ్ములు పగిలినాయి భాయ్. ఈ సామాను విలాయితీ నుంచి రావాల, ఇప్పుడు యాడా రానీడం లేదు. మిలిటరీ లారీ ఇరుసులు రెండు నా దగ్గర ఉండాయి. వాటిని కోసి, అతికించి, ఎట్లోగట్ల కుదురుస్తా. నెల దినాలు బండి ఈడ వదిలిపెట్టు."

ఆ మాటే ఖలందర్ వచ్చి ఓబుళరెడ్డికి చెప్పాడు.

"నెలా?" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆ నెలలో ఎవురికన్నా నొప్పులొస్తే? మునెమ్మ చేతులెత్తేస్తే? ఆ ఆడమనిషికి నువ్వు జవాబు చెప్తావా?"

ఆ తర్వాత ఖలందర్ ఎప్పుడు ఆ మాట ఎత్తినా ఇదే ప్రశ్న ఎదురొచ్చేది. నొప్పులు రావని హామీ ఇచ్చే నెల ఏ పంచాంగంలోనూ లేదు మరి.

ఆ ఎండాకాలం ఆదెన్న కోడలిని తీసుకుపోతుండగా కనుమలో జరగాల్సిందే జరిగింది. దిగుడులో ఫస్టు గేరు జారిపోయింది. బ్రేకు తొక్కితే కాలు నేలకానింది. కారు తన దారిన తాను పరుగెత్తసాగింది. వెనక సీట్లో ఆదెన్న కోడలు కేకలు పెడుతోంది, ఆ కేకలు నొప్పులవో భయానివో తెలియదు. ఖలందర్ స్టీరింగు ఒక్కసారిగా పక్కకు తిప్పి, రోడ్డుపని కూలీలు పోసిన కంకర కుప్పలోకి కారును ఎక్కించాడు. అది దయతలిచి ఆగింది. సాయంత్రానికి ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు.

"కనుమలో కారు ఉరికిందంట గదా మామా! మనమడు దానికి బెదిరి బిరబిరా బయటికొచ్చినాడు" అని నవ్వుతూ ఆదెన్న పదకొండో తువ్వాలు వేశాడు. ఊరంతా నవ్వింది. ఖలందర్ తువ్వాలు భుజాన ఉండగానే కారు కిందికి దూరి బ్రేకు చూడబోయాడు.

అదే వారం పులివెందుల నుంచి కబురొచ్చింది. కూతురు మైమూన్‌కు ఏడో నెల. తొలికాన్పు గనక పుట్టింటికి తీసుకుపొమ్మని అత్తగారు చెప్పి పంపింది. బిస్మిల్లా బీ సంతోషంగా నవ్వి, వెంటనే నవ్వు మానేసింది. ఆమెకు రెండు కాన్పులు పోయాయి. మైమూన్ పుట్టినప్పుడు రెండు రోజులు చావుతో పెనుగులాడింది. మైమూన్‌ది తల్లి పోలికే, సన్నటి నడుము.

"మునెమ్మ చెయ్యి మంచిదిలే" అన్నాడు ఖలందర్.

"మునెమ్మ చేతులెత్తేస్తే?" అంది బిస్మిల్లా బీ. కూతురిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని అతను ఆ కనుమ దిగాల్సి వస్తుంది. అది ఇద్దరికీ తెలుసు.

ఇంకా రెండు నెలల టైముంది. ఎవరైనా ఆ కారును ఒక నెల పాటు బలవంతంగా నిలబెడితే హుమాయున్ పని కానిస్తాడు. కాన్పు నాటికి బ్రేకులుంటాయి. ఓబుళరెడ్డి మాట మీద పైమాట చెప్పగలిగింది ఒక్క సర్కారే. వేరుశనగ విత్తనాలు తెస్తానని చెప్పి ఖలందర్ కారు తీసుకుని, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున ప్రొద్దుటూరు పోయాడు. పోయి ముసాఫరు బంగళా ముందు బస్సుల వరసలో చివరన నిలబెట్టాడు.

డ్రైవర్లు విరగబడి నవ్వారు. పరీక్షకు పిలవకపోయినా వచ్చి కూర్చున్నవాడిని వాళ్లు అదే మొదటిసారి చూడడం.

ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. ఎండకు మొహం కందిపోయి ఉంది. కారు ముందుకొచ్చి నంబరు చూశాడు.

"ఇది సొంత బండి కదటయ్యా. దీనికి ఎఫ్‌.సి. అక్కర్లేదు, తీసుకుపో."

"తెలుసు సార్. ఒక్క తూరి ఎక్కి బ్రేకు తొక్కి చూడండి."

"తొక్కితే?"

"పట్టదు సార్."

"పట్టదని నువ్వే చెబుతున్నావుగా, మళ్లీ నేను తొక్కడం దేనికి?"

"మీరు తొక్కి, పనికిరాదని రాసి, నిలబెట్టేయండి సార్. కనుమ దిగే బండి. కాన్పు మనుషులను తీసకపోతాండా."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు, చట్టం ఎంత వరకు ఉందో అంతవరకే ఉన్న మనిషి.

"చూడవయ్యా, నాకు ఆ అధికారం లేదు. సొంత బండిని ఆయన ఏం చేసుకున్నా ఆయనిష్టం. అదే కిరాయికి తిప్పుతున్నాడనుకో, అప్పుడది టాక్సీ కింద లెక్క. పర్మిట్టు లేదు, ఎఫ్‌.సి. లేదు. ఇక్కడికిక్కడే పట్టేస్తాను. ఎక్కినవాళ్లు డబ్బిస్తారా?"

"దుడ్లు ముట్టుకోడు సార్ మా రెడ్డి."

"డబ్బే కానక్కర్లేదు. చట్టంలో ప్రతిఫలం అని కూడా ఉంది. కోడో, కొబ్బరికాయో, గుడ్డో, ఏదైనా?"

అబద్ధమాడడం ఖలందర్‌కు చేతకాదు.

"తువ్వాలు పెడతారు సార్" అన్నాడు.

"ఎంతమంది పెట్టారు?"

"పదకొండు మంది."

"రాసిస్తావా?"

ఖలందర్ కారెక్కి వచ్చేశాడు. విత్తనాలు తేవడం కూడా మరిచిపోయాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే బిస్మిల్లా బీ మండిపడింది. "వాళ్లు ప్రాణం నిలబడిందని ప్రేమతో ఏసిన గుడ్డలు. వాటిని కిరాయి అని రాసిస్తావా? ఇంగ ఊళ్లో మనం తలెత్తుకోని తిరగొచ్చా?"

"తిరగలేం" అన్నాడు ఖలందర్.

నెల రోజులు ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ రాలేదు. మైమూన్ పుట్టింటికి వచ్చింది. బరువుగా నడుస్తూ, గోడ పట్టుకుని కూర్చుంటూ, "నాయినా, నాకేమన్నా అయితే నువ్వుండావు, కారుండాది గదా" అని ధైర్యంగా నవ్వేది. ఆ నవ్వు చూడలేక ఖలందర్ బయటికి పోయి కారు తుడుస్తూ నిలబడేవాడు. మళ్లీ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు తెల్లవారాక చూస్తే, బిస్మిల్లా బీ ట్రంకుపెట్టె తెరిచి పదకొండు తువ్వాళ్లూ మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆమె మాత్రం పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది.

ఖలందర్ రాసిచ్చాడు. ఫలానా ఫలానా వాళ్లను కారులో ఎక్కించుకుపోయినందుకు ప్రతిఫలంగా తువ్వాళ్లు ముట్టాయని రాసి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. ఇన్‌స్పెక్టరు మూట విప్పి తువ్వాళ్లు లెక్కపెట్టుకున్నాడు. కారును తోసుకుపోయి పోలీసు ఠాణా ఆవరణలో పెట్టారు. ఖలందర్ హుమాయున్ దగ్గరికి పోయి ఇరుసులు సిద్ధం చేయమని చెప్పి, బస్సెక్కి ఊరికి వచ్చి, నేరుగా ఓబుళరెడ్డి ఎదుట నిలబడ్డాడు.

"నేనే రాసిచ్చినా రెడ్డీ. నెల దినాలు బండి ఆడ ఉంటాది. బ్రేకులు చేయించుకోని తెచ్చుకుందాం. కొట్టాలంటే కొట్టు."

ఓబుళరెడ్డి కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి పోయి చలువ చొక్కా తొడుక్కుని వచ్చి కడప బయలుదేరాడు.

ఇక్కడ ఖలందర్ చేసిన పొరపాటు చెప్పుకోవాలి. సర్కారు కాగితం అంటే అతనికి బస్సు కాగితమే తెలుసు. పనికిరాదని రాస్తే బండి నిలబడిపోతుంది, బాగైనాకే కదులుతుంది. సొంత బండి కాగితం ఎటు పోతుందో అతనికి తెలియదు. అది తిరిగి తిరిగి మనిషి మెడకే చుట్టుకుంది. కడప రవాణా ఆఫీసులో ఓబుళరెడ్డి చెప్పింది అక్షరాలా నిజం. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. తువ్వాళ్లు డ్రైవరు తీసుకున్నాడు. తీసుకున్నట్టు డ్రైవరే రాసిచ్చాడు. కాబట్టి యజమానికి తెలియకుండా ప్రతిఫలం పుచ్చుకున్న డ్రైవరు లైసెన్సు ఒక సంవత్సరం రద్దు. కారు సొంత కారే గనక దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. తొమ్మిదో రోజున అదే బ్రేకులతో ఊరికి తిరిగొచ్చింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఆరో రోజున చిన్నసుబ్బయ్య పెండ్లానికి నొప్పులొచ్చాయి. చిన్నసుబ్బయ్య గనుల నుంచి నాపరాళ్లు తోలే బండివాడు. మునెమ్మ చేతులెత్తేసింది. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. రాళ్లబండి మీదే గడ్డి పరిచి పడుకోబెట్టుకుని బయలుదేరాడు. ముద్దనూరు ఇంకా రెండు మైళ్లుందనగా బిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయింది. పెండ్లాం బతికింది. చిన్నసుబ్బయ్య బండి తిప్పుకుని వచ్చాడు.

ఊళ్లో ఎవరూ ఖలందర్‌ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బిస్మిల్లా బీ బావి దగ్గరికి పోతే ఆడవాళ్లు చేద ఆమెకిచ్చి పక్కకు తప్పుకునేవాళ్లు. ఆ నెలలో ఎవరికైనా నొప్పులొస్తే అని ఓబుళరెడ్డి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు వచ్చింది. ఆ జవాబు చిన్నసుబ్బయ్య ఇంట్లో మంచాన పడి ఉంది. ఖలందర్ ఆ వీధి మీదుగా పోవడం మానేశాడు.

కారు తిరిగొచ్చిన రోజున ఓబుళరెడ్డి అతన్ని పిలిపించాడు.

"ఏమప్పా ఖలందరూ, మానేస్తావా?"

"లైసెన్సు లేదు గదా రెడ్డీ. ఎవురు పెట్టుకుంటారు?"

"నేను పెట్టుకుంటా. నా బండిని నిలబెట్టి లైసెన్సు అడిగేదెవుడు? తోలుకో" అని తాళంచెవి అతని చేతిలో వేశాడు. పగ సాధించలేదు, మంచితనంతోనే వేశాడు. ఇనప తలుపు మూసినట్టయింది ఖలందర్‌కు. బండికి పరీక్ష లేదు గనక బండి తప్పించుకుంది. మనిషికి లైసెన్సుంది గనక మనిషి దొరికాడు. మానేసి పోదామంటే ఏ బస్సు ఎక్కనిస్తుంది?

పద్దెనిమిది రోజుల తర్వాత కోడికూత వేళకు మైమూన్‌కు నొప్పులు మొదలయ్యాయి. పొద్దు బారెడెక్కేసరికి మునెమ్మ బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగినాది ఖలందరూ, నా చేత కాదు, తీసకపో" అంది.

ఖలందర్ హ్యాండిలు తిప్పడానికి వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. కళ్ల ముందు కనుమ కనబడుతోంది. కంకర కుప్పలు ఇప్పుడు లేవు, రోడ్డుపని అయిపోయింది.

"లెయ్ మామా."

తలెత్తితే చిన్నసుబ్బయ్య. భుజాన లావుపాటి మోకుతాడు చుట్ట. అతని వెనక ఆదెన్న, ఆదెన్న కొడుకు, ఇంకో ఇద్దరు.

"గనుల కాడ రాళ్లబండి దిగుడు దిగేటప్పుడు ఎనక మోకు కట్టి పట్టుకుంటాం మేము" అన్నాడు చిన్నసుబ్బయ్య. "ఎద్దులు మొయ్యలేని బరువును మనుషులం ఆపుతాం. కారేం లెక్క. పద."

ఖలందర్ అతని మొహంలోకి చూడలేకపోయాడు. "సుబ్బయ్యా, నీ బిడ్డ..." అన్నాడు.

"అది తర్వాత ఏడ్సుకుందాంలే. ముందు నీ బిడ్డ సంగతి చూడు. పద."

అయిదుగురూ పక్క పలకల మీద నిలబడ్డారు. చదును రోడ్డు మీద అరకొరగా పట్టే చేతి బ్రేకుతో, గేర్లతో నెట్టుకొచ్చాడు ఖలందర్. ముద్దనూరు దాటి కనుమ మీదికి రాగానే ఆపారు. చిన్నసుబ్బయ్య కారు కిందికి దూరి, ఇరుసుకు మోకు రెండు పేటలు వేసి కట్టాడు. రెండు కొసలు పట్టుకుని అయిదుగురు వెనక్కి వాలి మడమలు నేలకు తన్నిపెట్టారు. బిస్మిల్లా బీ ముందు సీట్లోకి వచ్చి, జారకుండా గేరు కడ్డీని రెండు చేతులా అదిమిపట్టుకుంది. వెనక మైమూన్ ఒక్కతే, పళ్లు బిగించి.

"వదులు!" అని కేకవేశాడు చిన్నసుబ్బయ్య.

కారు కదిలింది. ముందుకు ఉరకబోయి, మోకు బిగిసి, జంకింది. మళ్లీ ఉరకబోయింది, మళ్లీ జంకింది. అలా గజం గజం దిగింది. వెనక నుంచి చెప్పులు నేలను రాసే చప్పుడు, మగవాళ్ల రొప్పులు. మొదటి మలుపులో ఆదెన్న కాలు జారి ఒరిగాడు. మిగిలిన నలుగురి మీద బరువు పడి మోకు అరచేతుల్లోంచి పాకింది. "పట్టండ్రోయ్!" అని అరిచాడు చిన్నసుబ్బయ్య. అది అరుపు కాదు, ఏడుపు. ఎదురుగా పైకి వస్తున్న బస్సు ఒకటి ఈ వింత చూసి ఆగిపోయింది. జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. ఏమిటో అర్థం కాగానే ఇద్దరు ప్రయాణికులు దిగి పరుగున వచ్చి మోకు అందుకున్నారు. ఎఫ్‌.సి. ఉన్న బస్సు పక్కకు తప్పుకుని, ఎఫ్‌.సి. అక్కర్లేని కారుకు దారి ఇచ్చింది.

కనుమ అడుగుకు చేరేసరికి ఒక్కరి అరచేతిలోనూ చర్మం లేదు. ఖలందర్ దిగి వాళ్ల చేతులు చూసి భోరున ఏడ్చాడు. వాళ్లు అతన్ని తోసి కారెక్కించారు.

మధ్యాహ్నం రెండింటికి మైమూన్‌కు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ ఇద్దరూ క్షేమం. ఖలందర్ జమ్మలమడుగు బజారుకు పోయి తువ్వాళ్లు అయిదు కొన్నాడు. ఆసుపత్రి వరండాలో చేతులకు గుడ్డలు చుట్టుకుని కూర్చున్న అయిదుగురి భుజాన తలా ఒకటి వేశాడు. చిన్నసుబ్బయ్య తువ్వాలును మొహానికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు తీయలేదు.

నాలుగో రోజున ఓబుళరెడ్డి స్వయంగా ఖలందర్ ఇంటికి వచ్చాడు. బిడ్డను చూసి, చేతిలో వెండి రూపాయి పెట్టాడు. వెంట వచ్చిన పాలేరు నెత్తిన ఏదో మూట ఉంది. దించితే కొత్త మోకు. ప్రొద్దుటూరు నుంచి ప్రత్యేకంగా పేనించి తెప్పించాడట.

"చూస్తివా?" అన్నాడు ఓబుళరెడ్డి మొహం వెలిగిపోతుండగా. "బ్రేకులు, బ్రేకులు అని చంపితివి. మన ఊరి మగోళ్ల కంటే బ్రేకు యాడుండాది? దీన్ని డిక్కీలో పడెయ్. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

వీధిలో చేరినవాళ్లు అవునవునన్నారు. ఆదెన్న కట్టు కట్టిన చేతులెత్తి చూపించి మరీ నవ్వాడు. వాళ్ల గర్వం చూస్తూ ఖలందర్ ఆ మోకును భుజానికెత్తుకున్నాడు. బ్రేకులు లేకపోయినా దిగొచ్చని లోకానికి రుజువు చేసింది తనే. ఏ సర్కారూ ఇవ్వని ఎఫ్‌.సి. ఆ కారుకు తన కూతురిని వెనక పెట్టుకుని తనే ఇచ్చాడు. ఇక దాన్ని ఎవరు నిలబెడతారు?

ఆ ఏడాదిలో కారు ఇంకో రెండుసార్లు మోకుతో కనుమ దిగింది. రెండో దిగుడులో ఒక పేట తెగింది. మిగిలినవి నిలబడ్డాయి. తెగిన పేటను చిన్నసుబ్బయ్య ముడివేశాడు. ఖలందర్ తల సగం తెల్లబడింది.

సంవత్సరం నిండాక ప్రొద్దుటూరు పోయి లైసెన్సు తెచ్చుకున్నాడు. రద్దు గడువు ముగిసిందని ముద్ర కొట్టి ఇచ్చింది పాత ఇన్‌స్పెక్టరే.

"ఆ కారు ఇంకా నడుస్తోందా?"

"నడుస్తాండాది సార్."

"బ్రేకులో?"

"అయిదుగురు, సార్."

ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు. ఖలందర్ లైసెన్సు తీసుకుని బయటికొచ్చాడు.

బస్టాండులో పాత బస్సు యజమాని ఒకాయన అతన్ని గుర్తుపట్టి ఆపాడు. కొత్త బస్సు దించాను, ప్రొద్దుటూరు–పులివెందుల రూటు, నమ్మకమైన మనిషి కావాలి, ఒకటో తేదీ నుంచి వచ్చేయమన్నాడు. ఖలందర్ రెండు చేతులూ జోడించి వస్తానన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ కొత్త బస్సులోనే డ్రైవరు వెనక సీటు దొరికింది. దారి పొడుగునా అతను రోడ్డు చూడలేదు. డ్రైవరు కాలే చూశాడు. గేదెలు అడ్డం వచ్చినప్పుడు కాలు తొక్కింది, బస్సు ఆగింది. తొక్కితే ఆగింది! ఖలందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోయి బిస్మిల్లా బీతో ఏమని మొదలుపెట్టాలో మనసులో కూర్చుకుంటూ ఊళ్లో దిగాడు.

కారు ఓబుళరెడ్డి ఇంటి ముందు లేదు. తోసుకొచ్చినట్టున్నారు, చిన్నసుబ్బయ్య ఇంటి ముందు ఉంది. ఆదెన్న, మిగిలినవాళ్లు అప్పటికే పలకల మీద ఎక్కి ఉన్నారు. వెనక సీట్లో చిన్నసుబ్బయ్య పెండ్లాం కళ్లు మూసుకుని మూలుగుతోంది. మునెమ్మ గుమ్మంలో చేతులు కడుక్కుంటోంది. చిన్నసుబ్బయ్య పరుగున ఎదురొచ్చి ఖలందర్ చేతిలో హ్యాండిలు పెట్టాడు.

"ఈ తూరి నేను మోకు పట్టను మామా" అన్నాడు రొప్పుతూ. "లోపల దాని పక్కన కూచుంటా. నువ్వుండావు గదా. ఇంగెవురు తోలినా నాకు భయం."

ఖలందర్ లైసెన్సును చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. డిక్కీ తెరిచి ముడివేసిన మోకును ఒకసారి చేత్తో తడిమి చూసి, కారు ముందుకు వచ్చి వంగి హ్యాండిలు తిప్పాడు. ఎప్పుడూ నాలుగు చుట్లకు గాని లేవని ఇంజను ఆ రోజు మొదటి చుట్టుకే లేచింది.